ఆపే తాడు లేని బెల్టు

డాక్టరు చెప్పింది చిన్న మాట. "రోజూ నడవాలి. గుండెకు అంతకు మించిన మందు లేదు." మా ఆయన బుద్ధిగా తల ఊపారు. భూపాలపల్లిలోని మా క్వార్టరుకు తిరిగి వచ్చాక మాత్రం మంచం నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి మంచం దాకా తప్ప ఎక్కడికీ నడవలేదు.

ఆయనను తప్పు పట్టలేను. ఆ గుండె పట్టేసింది నడుస్తుండగానే. నెల్లికుదురు దగ్గర మా పుట్టింటి పల్లెకు పోయి ఉన్నాం. పొద్దున పొలం గట్టు మీద నా ముందు నడుస్తున్న మనిషి, ఏదో మరిచిపోయి గుర్తు చేసుకుంటున్నట్టు ఆగి, అక్కడే బురదలో కూర్చుండిపోయారు. ఎవరిదో ట్రాక్టరులో మహబూబాబాద్ దవాఖానకు, అక్కణ్నుంచి వరంగల్‌కు తీసుకుపోయాం. ప్రాణం నిలిచింది. ఆ వేళకు ఆ ట్రాక్టరు అక్కడ ఎందుకు ఉందో నాకు తెలియదు. నడిపినాయన ముఖం కూడా గుర్తు లేదు. ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆయనను ఒకసారి తలుచుకుంటాను.

అప్పటి నుంచి కాలు కదిపితే మళ్లీ అదే జరుగుతుందని మా ఆయన భయం. నోటితో అనేవారు కాదు. నీళ్లు తెచ్చుకోవడానికి లేచినా ఒక చెయ్యి రొమ్ము మీద ఉండేది.

ఆయన బొగ్గు బాయిలో, అంటే గనిలో పని చేసేవారు. జబ్బు సెలవు ముగిశాక డాక్టర్ల బోర్డు ముందు నిలబడాలి. వాళ్లు ఫిట్ అని రాస్తే కొలువు నిలుస్తుంది, అన్‌ఫిట్ అని రాస్తే ఇంట్లో కూర్చోవాలి. మీసాలు వచ్చిన నాటి నుంచి బాయి తప్ప వేరే లోకం ఎరుగని మనిషి ఇంట్లో కూర్చుంటే ఏమవుతారో ఆ కొన్ని వారాల్లోనే చూశాను. గోడ వైపు తిరిగి పడుకునేవారు. కూర బాగుందనీ అనేవారు కాదు, బాగా లేదనీ అనేవారు కాదు.

అవి తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులు. ఇప్పుడు మూడు నాలుగు జిల్లాలైన మా ఊళ్లన్నీ అప్పుడు ఒకే జిల్లా. ఆఫీసులు బంద్, బడులు బంద్, బస్సులు ఒకరోజు నడిస్తే ఒకరోజు లేవు. బాయి దోస్తులు కూడా సమ్మెకు దిగారు. నేను బతిమాలి ఒకరోజు ఆయనను నడకకు తీసుకుపోతే చౌరస్తా దాకా కూడా పోలేదు. దీక్ష టెంటు కింద కూర్చున్న దోస్తులు "రా అన్నా, రా" అని చెయ్యి పట్టి లాగి, మైకు ముందు నిలబెట్టారు. జై అనడానికి నోరు తెరిచి, రొమ్ము పట్టుకుని, అనకుండానే దిగి వచ్చారు. మళ్లీ గడప దాటలేదు.

జనగామలో ఉండే మా వదిన, ఆయనకు అక్క, ఈ సంగతి విని ఫోన్ చేసింది. ఆమె ఫోన్‌లో మాట్లాడితే వీధి చివరికి వినపడుతుంది.

"తమ్మీ, నువ్వు మంచంల పండుకుంటె బోర్డోళ్లు మంచం కాడికొచ్చి ఫిట్ అని రాస్తరా? గీడ ఒక జిమ్ము మూత పడ్డది. దాని మిషన్లు రెండు స్టేషన్ రోడ్డుల అమ్మకానికి పెట్టిండ్రు. ఇంట్ల నడుద్దువు. వచ్చి ఏది కావాల్నో చూసుకో."

బస్సు దొరికిన రోజు చూసుకుని పోయాం. దుకాణం ఒక ముసలాయనది. తెల్లగడ్డం. అంతకుముందు సైకిళ్లు బాగు చేసేవాడట. అందరూ చాచా అనేవారు. పాత కూలర్లు, విరిగిన కుర్చీల మధ్య ఆ రెండు మిషన్లు ఉన్నాయి. ఒకటి ట్రెడ్‌మిల్. పొడుగ్గా, నల్లటి రబ్బరు పట్టాతో ఉంది. రెండోది ఎలిప్టికల్. రెండు పెద్ద పాదుకల్లాంటి పలకలు, చేతికి రెండు నిలువు కడ్డీలు. పలకల మీద నిలబడి తొక్కితే కాళ్లు గుండ్రంగా ముందుకూ వెనక్కూ పోతాయి, చేతులూ వాటి వెంట కదులుతాయి. నాకు ఆ పాదుకలే ముందు కంటపడ్డాయి.

"సూడు బహెన్," అన్నాడు చాచా. "ట్రెడ్‌మిల్‌కు స్విచ్ ఏస్తె అదే మనల్ని నడిపిస్తది. గీ ఎలిప్టికల్‌ను మనం నడిపిస్తేనే నడుస్తది. రెండూ గుండెకు మంచియే."

"నడుసుడంటే గిది," అంది వదిన ట్రెడ్‌మిల్ మీద చెయ్యి వేసి. "గదేంది, కుట్టుమిషన్ తొక్కినట్టు? మొగోడు తొక్కేదేనా గది?"

చాచా స్విచ్ వేశాడు. పట్టా గుర్రుమంటూ ఉరకడం మొదలుపెట్టింది. మా ఆయన ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి, వీపు గోడకు తగిలాక ఆగారు.

"ఎక్కు తమ్మీ."

"నేనెక్క."

"ఎందుకెక్కవ్?"

"బెల్టక్కా అది. ఉరుకుతున్న బెల్టు మీద కాలు పెట్టొద్దు."

వదిన పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బాయి లోపల బొగ్గు బెల్టుల మీద పోతుంది. కొలువులో చేరిన మొదటి రోజు వాళ్లకు నేర్పే పాఠాల్లో ఒకటి, బెల్టు మీద కాలు పెట్టవద్దని. బెల్టు పొడుగునా పక్కన ఒక తాడు కట్టి ఉంటుందట. ఏదైనా అయితే ఆ తాడు గుంజాలి, బెల్టు ఆగిపోతుంది. ఒక దోస్తు పాఠం మరిచి, తొందరలో బెల్టు దాటబోయి పాదం పోగొట్టుకున్నాడు. అతణ్ని భుజం మీద మోసుకొచ్చిన వాళ్లలో మా ఆయన ఒకరు. ఆ రోజు ఇంటికి వచ్చి అంగీ విప్పకుండానే బావి గట్టున కూర్చున్నారు.

ఇప్పుడు ఆయన గోడ విడిచి, మిషన్ చుట్టూ వంగి వంగి వెతికారు.

"చాచా, గుంజితె ఆగే తాడేది?"

చాచా గడ్డం గోక్కున్నాడు. "ఎర్ర తాడు ఉంటది భాయ్, అంగీకి తగిలిచ్చుకునేది. మనిషి పడితె తాడు ఊడొస్తది, పట్టా ఆగుతది. గీ మిషన్ నా దగ్గరికొచ్చినప్పుడే తాడు లేకుండె."

"ఆపే తాడు లేని బెల్టు నేనెక్క," అని మా ఆయన బయటికి పోయి దుకాణం మెట్టు మీద కూర్చున్నారు. "మీకేది మంచిగనిపిస్తె గది తీసుకోండ్రి. ఏదైతేంది," అన్న మాట వెనక్కి తిరగకుండానే వచ్చింది.

ఆ ఏదైతేంది అన్న మాట నన్ను ఎంత అలసటకు గురిచేసిందో చెప్పలేను. ఆ రోజుల్లో అన్నీ నేనే తేల్చాల్సి వచ్చేది. ఏ మందు ఎప్పుడు, ఉప్పు ఎంత, చుట్టాలకు ఏం చెప్పాలి, ఆయనకు ఏం చెప్పకూడదు. నేను బడి ముఖం చూడలేదు. మా నాయిన పురాణం చదువుతూ, నా వేలు పట్టి అక్షరాల మీద నడిపించారు. దానికి ఆయన పాదాలకు ఎన్నిసార్లు మొక్కినా తక్కువే. కానీ గుండెకు ఏ మిషన్ మంచిదో ఏ పురాణంలోనూ లేదు.

వదిన నా భుజం తట్టింది. "నువ్వెక్కి చూపెట్టు పిల్లా. పెండ్లాం ఎక్కినంక సిగ్గుకైనా ఎక్కుతడు."

కొంగు నడుముకు బిగించి ఎక్కాను. నా కాళ్ల కింద నేల నన్ను అడగకుండానే వెనక్కి పోతోంది. నేను నడవడం లేదు, అదే నన్ను నడిపిస్తోంది. పడకుండా ఉండడానికే అడుగులు వేస్తున్నాను. ఇంటి సంగతీ ఇట్లాగే ఉంది కదా అనుకుంటుండగా కరెంటు పోయింది. పట్టా ఠక్కున ఆగింది. నేను ముందుకు తూలి కడ్డీ మీద పడ్డాను.

"అయ్యో అమ్మా! పొద్దట్నుంచి గిదే తమాషా," అన్నాడు చాచా చీకట్లో. "బాయిలల్ల బొగ్గు తీస్తలేరంట. బొగ్గు లేకుంటె కరెంటు యాడికెల్లి వస్తది?"

మెట్టు మీద నుంచి మా ఆయన గొంతు వినపడింది. "బొగ్గు ఆపింది మేమే చాచా."

"మీరేనా? అరే, మీరు ఆపిండ్రు, మీ బీబీ పడబోయింది!"

మా ఆయన నవ్వారు. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు. దుకాణంలో చీకటిగా ఉండడం వల్ల నా ముఖం ఎవరికీ కనపడలేదు. అందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

"రెండో మిషన్ కరెంటు లేకున్నా నడుస్తదా చాచా?" అని అడిగాను.

"కాళ్లుంటె చాలు బహెన్. గీ లెక్క చూపెట్టే డబ్బాకు మాత్రం సెల్లు కావాలె. ఇంకొకటి, దీంట్ల పాదం పలక మీదికెల్లి లేవదు. మోకాళ్లకు దెబ్బ తగలది."

ఆయన ఎడమ మోకాలు ఎప్పుడో బాయిలో రాయి పడి వాచింది. వాన కాలంలో ఇప్పటికీ సలుపుతుంది. కరెంటు లేదు, మోకాలు బాగా లేదు, బెల్టు అంటే భయం. తేల్చడానికి ఇంకేం కావాలి?

వదిన మాత్రం ఒప్పుకోలేదు. "మరి బోర్డోళ్లు? దవాఖానల పట్టా మీదనే నడిపిచ్చి గుండె సూస్తరంట. మా వాడకట్టు సారును గట్లనే సూసిండ్రు. ఇంట్ల గిది తొక్కి తొక్కి, ఆడ గది ఎట్ల నడుస్తడు?"

 బోర్డు నాటికి ఆయన మంచం దిగితే చాలు, ఆ తరువాతి సంగతి ఆ తరువాత. ఎలిప్టికలే ఇమ్మన్నాను.

ఆ రాత్రి వదిన ఇంట్లో ఉన్నాం. మర్నాటికి బస్సులు పూర్తిగా ఆగిపోయాయి. సామాన్ల ఆటో ఒకటి మాట్లాడుకున్నాం. ఆయన ముందు డ్రైవరు పక్కన, నేను వెనక మిషన్ పట్టుకుని. పరకాల దాటాక రోడ్డు మీద టెంటు, అడ్డంగా రాళ్లు. నడి రోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యిల మీద డేగిసాలు ఉడుకుతున్నాయి. వంటావార్పు, రోడ్డు మీదే వండుకుని తినే నిరసన. ఆడవాళ్లు వరుసగా కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నారు. పక్కన ఒకాయన డప్పును మంటకు కాపుకుంటున్నాడు.

కండువా వేసుకున్న ఒకాయన ఆటో ఆపాడు. "ఏందక్కా, మేం రోడ్డు ఆపితె మీరు సామాన్లేసుకొని పోతుండ్రు?"

"గుండె జబ్బు మనిషన్నా. గిది నడిచే మిషన్."

"నడిచే మిషనా? మరి దాని మీద్నే నడుచుకుంట రాకపోయిండ్రు, ఆటో ఎందుకు?"

అందరూ నవ్వారు. ఎట్లాగూ సాయంత్రం దాకా వదిలేది లేదని, మిషన్‌ను దింపి రోడ్డు మీద పెట్టారు. సమ్మెలో ఉన్న ఒక బడి సారు చెప్పులు విడిచి ఎక్కి, కడ్డీలు పట్టుకుని గబగబా తొక్కాడు. చెమట పట్టాక ఆగి అటూ ఇటూ చూశాడు.

"ఎంత తొక్కినా గీడనే ఉంటి గద!"

ఉల్లిగడ్డలు కోస్తున్న ఒక అవ్వ తల ఎత్తకుండానే అంది: "మన తెలంగాణ గట్లనే గద సారూ. ఎన్నేండ్ల సంది తొక్కుతున్నం!"

ఆ నవ్వులకు డేగిసా మూతలు అదిరాయేమో అనిపించింది. నవ్వులు ఆగాక కండువా ఆయన ఆటో వైపు తిరిగాడు. "అన్నా, మిషన్ నీది. నువ్వెక్కకుంటె ఎట్ల?"

 వద్దనబోయాను. అంతలో ఆయన ఆటో దిగారు. మిషన్ దగ్గరికి వచ్చి, వంగి, పలకను చేత్తో తాకి కళ్లకు అద్దుకున్నారు. బాయి నోటి దగ్గర అమ్మవారి పటం ఉంటుంది. లోపలికి దిగే ముందు ఎవరైనా అట్లాగే మొక్కుతారు. ఆయన పనికి పోక చాలా రోజులైంది కానీ, చేతికి అలవాటు పోలేదు.

ఎక్కారు. తొక్కారు. మెల్లగా. ఆయన నడకే అంత, అడుగు పైకెత్తకుండా నేల మీద జరుపుతూ పోతారు. బాయిలో కాలి కింద ఏముందో తెలియక వచ్చిన అలవాటు. పెళ్లయిన కొత్తలో ఆ నడకను చూసి మా అమ్మ, అల్లుడి కాలికి ముల్లు గుచ్చుకుందా అని అడిగింది. ఆ మిషన్ మీద ఆ నడక అతికినట్టు సరిపోయింది. డప్పాయన తన వేగం తగ్గించి, ఆయన అడుగుకు సరిగ్గా ఒక్కొక్క దెబ్బే వేశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇది ఆట కాదని అందరికీ తెలిసిపోయినట్టుంది. ఆయన చెయ్యి రొమ్ము మీద లేదు, కడ్డీ మీద ఉంది. నేను అది మాత్రమే చూస్తూ నిలబడ్డాను.

దిగాక వాళ్లు మాకు అక్కడే అన్నం పెట్టారు. ఆయనకు ఉప్పు వద్దని నేను గొణిగితే, ఆ అవ్వ విని, "పప్పుల ఉప్పు ఇంక ఎయ్యలె బిడ్డా, నీ పెనిమిటికి ముందే తీసి పెడ్త," అంది. రోడ్డు మీద, ఎవరో ఏమిటో తెలియని మనిషికి చప్పిడి పప్పు వేరే తీసి పెట్టిన ఆ చెయ్యి చల్లగా ఉండాలి.

తరువాతి రోజులు అలసటలోనే గడిచాయి. పొద్దున నేను దీపం పెట్టి నామం చెప్పుకుంటుంటే, పక్క గదిలో మిషన్ కీచుమంటూ ఉండేది. కొబ్బరి నూనె వేసినా ఆ కీచు పోలేదు. మొదట్లో నామానికి అడ్డం వస్తోందని విసుక్కున్నాను. తరువాత అది ఆగితేనే నామం తప్పేది, లేచి పోయి చూసేదాన్ని. కరెంటు ఉన్నా లేకున్నా మిషన్ నడిచింది. బతుకమ్మకు పూలు కోసుకొచ్చిన వాడకట్టు ఆడవాళ్లు కిటికీ దగ్గర ఆగి ఆయనను ఆట పట్టించేవారు.

"అన్నా, ఎందాక పోయినవ్?"

"మహదేవపూర్ దాటిన."

"కాళేశ్వరం కనపడ్తుందా మరి?"

"గోదారి గాలి వస్తుంది గని, గుడి ఇంక కనపడ్తలేదు."

వాళ్లు నవ్వుకుంటూ పోయేవారు. నేను వంటింట్లో నుంచే కాళేశ్వరుడికి దండం పెట్టేదాన్ని. మొక్కులు మొక్కలేదు. ఇచ్చింది చాలు, ఇక అడగడానికి మనసు రాలేదు. అబద్ధం ఎందుకు, అడగడానికి ఓపిక కూడా లేదు.

సమ్మె ముగిసింది. తెలంగాణ రాలేదు. బాయి దోస్తులు తలలు వంచుకుని, టోపీలు పెట్టుకుని మళ్లీ పనికి పోతుంటే, ఆయన మిషన్ మీద నుంచే కిటికీలోంచి చూసేవారు. వాళ్లు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా కాళ్లు ఆగేవి కావు.

బోర్డు రోజు వచ్చింది. దవాఖానలో గుండె పరీక్షకు పిలిచారు. వదిన జనగామ నుంచి వచ్చింది. లోపలి గదిలో ఆమె చెప్పినట్టే ఉంది: నల్లటి రబ్బరు పట్టా. అంగీ విప్పించి రొమ్ము నిండా తీగలు అంటించారు. వదిన నా చెవిలో, "నేనేం చెప్పిన?" అంది. అంత నెమ్మదిగా ఆమె మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"ఎక్కండి," అన్నాడు డాక్టరు.

ఆయన ఎక్కలేదు. పట్టా పక్కన నిలబడి, కడ్డీలన్నీ కళ్లతో వెతికారు. "ఆపే తాడేది సార్?"

"తాడెందుకయ్యా, గీ ఎర్ర బటన్ ఉంది. నొక్కితె ఆగుతది," అంది ముసలి నర్సమ్మ.

"నేను ఉరుకుతుంటె గదెవరు నొక్కుతరు?"

 డాక్టరు గడియారం చూసుకున్నాడు. ఎక్కను అంటే ఏమి రాస్తారో మా అందరికీ తెలుసు. అంతలో నర్సమ్మ మా ఆయన ముఖం చూసింది, నా ముఖం చూసింది. నా చెయ్యి పట్టి లాగి ఆ ఎర్ర బటన్ మీద పెట్టింది. "గీమె నొక్కుతది. సరేనా? అమ్మా, ఆయన అన్నా నొక్కు, సారు అన్నా నొక్కు. ఊకె నొక్కకు." డాక్టరు సరే అన్నట్టు తల ఊపాడు.

ఆయన వంగి పట్టాను తాకి కళ్లకు అద్దుకున్నారు. ఎక్కారు.

పట్టా కదిలింది. అలవాటు కొద్దీ ఆయన పాదం ఎత్తకుండా జరపబోయారు. పట్టా ఆ పాదాన్ని వెనక్కి లాక్కుపోయింది, మనిషి తూలారు. నర్సమ్మ "ఎత్తు, కాలెత్తు!" అని అరిచింది. నా వేలు బిగుసుకుంది. ఆయన కడ్డీ పట్టుకుని నిలదొక్కుకుని, కాలు ఎత్తారు. ఇంకో కాలు ఎత్తారు. పొలం గట్టు మీద కొంగ నడిచినట్టు ఎత్తి ఎత్తి వేశారు. డాక్టరు పట్టా వేగం పెంచాడు, ముందు భాగం ఎత్తు చేశాడు. ఆయన మెడ నరాలు తేలాయి. చెమట తీగల మీదుగా జారింది. ఊపిరి గదంతా వినపడుతోంది.

నా చేతికి ఆ క్షణంలో ఒక్క పనే తెలుసు, నొక్కడం. నొక్కితే ఆయన ఆగుతారు, ఊపిరి తీసుకుంటారు, బతికి నా దగ్గర ఉంటారు. నొక్కితే కాగితం మీద ఫిట్ అని రాసేది కూడా అక్కడితో ఆగుతుంది. ఆయన నా వైపు చూశారు. ఆపమని అంటారేమో అని చూశాను. అనలేదు. నామం నోట్లోకి రాలేదు. మా ఇంటి మిషన్ కీచు ఒక్కటే చెవుల్లో వినపడింది. వేలు తీయలేదు, నొక్కలేదు.

డాక్టరు చెయ్యి ఎత్తాక పట్టా తనంతట తనే నెమ్మదించింది.

బాయి లోపలి పని ఇక వద్దు, పైన పని చేసుకోవచ్చు అని బోర్డు వాళ్లు రాశారు. దీపాల గదిలో, బాయిలోకి దిగేవాళ్లకు దీపాలు అందించే పని. ఆయన ఆ మాట విని అంగీ బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నారు. తరువాత, "మంచిది సార్," అన్నారు. నేను ఆ డాక్టరుకూ నర్సమ్మకూ చేతులెత్తి మొక్కాను. వదిన కొంగు ముఖం మీద అడ్డం పెట్టుకుంది, మళ్లీ తీసేసి, "కొంగ లెక్క నడిచిండు నా తమ్ముడు," అంది.

బయటికి వచ్చాం. గేటు దగ్గర ఆటోలు ఉన్నాయి. ఆయన వాటి వైపు చూడకుండా బస్టాండు దారి పట్టారు, చేతులు రెండూ కిందికి వేలాడేసుకుని. కొంత దూరం పోయాక ఇన్ని నెలల అలసట అంతా ఒక్కసారే నా మీద పడింది. రోడ్డు పక్కన ఒక బండ కనపడితే కూర్చుండిపోయాను. ఆ బండ అక్కడ ఉన్నందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూశారు. తిరిగి నా దగ్గరికి వచ్చారు.

"బటన్ ఎందుకు నొక్కలె?"

"మీరు ఆపమనలె గద."

ఆయన నా పక్కన కూర్చోలేదు. నా మీద ఎండ పడకుండా ముందు నిలబడి, నేను లేచేదాకా ఆగారు.